ఎంగిలి కాని రుచి

మా అమ్మమ్మ నైవేద్యానికి వంట చేసేటప్పుడు రుచి చూసేది కాదు. దేవుడికి పెట్టకముందే నాలిక మీద వేసుకుంటే ఎంగిలి కదా! అందుకని పులిహోర పళ్ళెం మీదికి కాస్త వంగి, ఒక్క ఊపిరి పీల్చి, "ఇంకో అరచెంచా ఉప్పు పడాలే అమ్మాయ్" అనేది. ఉప్పుకి వాసనేమిటే అని తాతయ్య వేళాకోళం చేసేవాడు. ఆవిడ లెక్క మాత్రం ఎప్పుడూ తప్పేది కాదు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడ్డం అందరికీ వచ్చు. మెతుకు ముట్టుకోకుండా చెప్పడమే విద్య.

ఆ విద్య నాకు మళ్ళీ గుర్తొచ్చింది వంటింట్లో కాదు, ఆస్పత్రిలో.

పోయిన ఏడాది మా పెద్దక్క కూరలు తరుగుతూ తరుగుతూ పక్కకి ఒరిగిపోయింది. చెయ్యీ కాలూ కొట్టుకున్నాయి. రెండు నిమిషాల్లో తేరుకుని "ఏమయిందే?" అని తనే అడిగింది గాని, ఆ రెండు నిమిషాల్లో మా బావగారికి పదేళ్ళ వయసు మీదపడింది. స్కానింగు తీస్తే మెదడులో ఎడమవైపు రేగిపండంత గడ్డ ఉందన్నారు. చుట్టూ ఉంగరంలా తెల్లటి అంచు. డాక్టరుగారు ఫిల్ముని వెలుతురుకి పట్టుకుని నెమ్మదిగా చెప్పారు.

"ఇది రెండు రకాలుగా ఉండొచ్చమ్మా. క్షయ మెదడుకి పాకినా ఇలాగే కనిపిస్తుంది, మందులతో కరుగుతుంది. క్యాన్సరయినా ఇలాగే కనిపిస్తుంది, అప్పుడు దారి వేరు."

"మరి ఏదో తెలిసేదెలాగండీ?"

"పుర్రెకి చిన్న రంధ్రం పెట్టి, ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. కాని గడ్డ మాటలకి సంబంధించిన చోటికి దగ్గరగా ఉంది. అందుకని తొందరపడను. ముందు స్పెక్ట్రాస్కోపీ చేయిద్దాం. మెషీను అదే. ఈసారి బొమ్మ తియ్యదు, లోపల ఏ రసాయనం ఎంత ఉందో చెబుతుంది."

నేను చదివింది బి.ఏ. చరిత్రా, తెలుగు సాహిత్యమూ. సైన్సుతో నాకున్న పరిచయం పదో తరగతి పరీక్షతో తీరిపోయింది. అయినా ఊరుకోలేక, "ముక్క తియ్యకుండా లోపలి సంగతి ఎలా తెలుస్తుందండీ?" అన్నాను. "అయస్కాంతంతోనూ, రేడియోతోనూ" అని నవ్వి ఆయన ఇంకో రోగి దగ్గరికి వెళ్ళిపోయారు.

స్కానింగు గది బయట ఒక చిన్నమ్మాయి అక్కని ఒలవడం మొదలుపెట్టింది. గాజులు, దుద్దులు, ముక్కుపుడక, తలలో పిన్నులు, చీరకి పెట్టిన పిన్నీసు. అన్నీ నా హేండుబ్యాగులోకి వచ్చాయి. పుస్తెల దగ్గర అక్క చెయ్యి ఆగిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా అవి మెడ దిగలేదు. బంగారం అయస్కాంతానికి అంటదు కదమ్మా అని నేను వాదించబోయాను. అంటకపోయినా కలిపిన లోహమేమిటో తెలియదనీ, వేడెక్కొచ్చుననీ, ఫలితం చెడిపోవచ్చుననీ ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. పసుపుకొమ్ము కట్టుకుంటే గాని తియ్యనంది అక్క. ఆస్పత్రి గేటు దగ్గర కొబ్బరిబోండాలు, బ్రెడ్లు, ఫ్లాస్కులు దొరుకుతాయి గాని పసుపుకొమ్ము ఎక్కడ దొరుకుతుంది? నేను బిక్కమొహం వేసుకుని నిలబడితే, బెంచీ మీద కూచున్న ఒక ముసలమ్మ తన సంచీలోంచి పసుపుకొమ్మూ, దారపుండా తీసి చేతిలో పెట్టింది. "మా కోడలికి తెచ్చాను తల్లీ, ముందు నువ్వు కానీ" అంది. ఆ వరండాలోనే బావగారు వణికే చేతుల్తో ముడి వేశారు. అక్క లోపలికి వెళ్ళింది.

బయట ఆ గంటసేపూ నాకు ఒకటే ఆలోచన: అయస్కాంతానికి మనిషి లోపలి రుచి ఎలా తెలుస్తుంది? కంగారుపడినప్పుడు కొందరు జపం చేస్తారు, కొందరు వంటిల్లు కడుగుతారు. నేను చదువుతాను. చరిత్ర చదివినదాన్ని కనక కథ ఎక్కడ మొదలయిందో తెలిస్తే గాని మనసు కుదుటపడదు. ఆ వారం రోజులూ నేను చదివి తెలుసుకున్నది మీకూ చెప్పాలనిపించింది.

మనిషిని కొయ్యకుండా లోపలికి చూడ్డం 1895లో మొదలయింది. ఆ ఏడు డిసెంబరులో జర్మనీలో రాంట్‌జెన్ తన భార్య అన్నా బెర్తా చేతిని ఎక్స్‌రే తీశాడు. ఎముకలూ, వేలి ఎముకకి వదులుగా వేలాడుతూ పెళ్ళి ఉంగరమూ కనిపించాయి. ఆ బొమ్మ చూసి ఆవిడ తన చావుని తనే చూసుకున్నట్టు బెదిరిపోయిందిట. ఎక్స్‌రే గొప్పదే, కాని అది చూపించేది నీడ. గిన్నె ఆకారం తెలుస్తుంది. అందులో ఉన్నవి పాలో మజ్జిగో తెలియదు.

పాలో మజ్జిగో చెప్పే విద్యకి పునాది వేసినవాడు ఇసిడోర్ రాబీ. 1898లో, అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని ఒక చిన్న ఊళ్ళో బీద యూదుల ఇంట పుట్టి, పసివాడుగా ఉన్నప్పుడే తల్లితో న్యూయార్కు చేరాడు. మిగతా అమ్మలు బడి నుంచి వచ్చిన పిల్లల్ని "ఇవాళ ఏం నేర్చుకున్నావురా?" అని అడిగితే, రాబీ తల్లి మాత్రం "ఇవాళ ఒక మంచి ప్రశ్న అడిగావా?" అనేదిట. తను శాస్త్రజ్ఞుడు కావడానికి అదే కారణమని ఆయన పెద్దయ్యాక చెప్పుకునేవాడు. పిల్లల మార్కులు కూడికలు వేసుకునే మన బోటివాళ్ళం కాస్త ఆగి ఆలోచించవలసిన మాట.

1938లో కొలంబియా విశ్వవిద్యాలయంలో రాబీ కనిపెట్టినది ఇదీ. హైడ్రోజన్, ఫాస్ఫరస్ వంటి కొన్ని పరమాణువుల నడిబొడ్డున ఉండే కేంద్రకం ఒక బుల్లి అయస్కాంతం. దాన్ని పెద్ద అయస్కాంతం మధ్య పెడితే, తిరిగే బొంగరం తల ఊపినట్టు ఊగుతుంది. ఏ జాతి కేంద్రకం ఊపు దానిదే. సరిగ్గా ఆ ఊపుకి సరిపోయే రేడియో తరంగం పంపితే పుచ్చుకుంటుంది, మరొకటి పంపితే ఉలకదు పలకదు. ఒక వీణ మీటితే పక్కనున్న వీణలో అదే శ్రుతికి కట్టిన తీగ తనంతట తను మోగదూ, అలాగన్నమాట. ఈ పనికి ఆయనకి 1944లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

అయితే రాబీ చూసినది శూన్యంలో పరుగెత్తే పరమాణువులని. గిన్నెలో ఉన్న మామూలు వస్తువు పలుకుతుందా? యుద్ధం ముగిసీ ముగియగానే, 1945 డిసెంబరులో, హార్వర్డులో ఎడ్వర్డ్ పర్సెల్ బృందం పారఫిన్ మైనాన్ని పలికించింది. కొన్ని వారాలు తిరక్కుండానే స్టాన్‌ఫర్డులో ఫెలిక్స్ బ్లాక్ బృందం మంచినీళ్ళని పలికించింది. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు. 1952లో నోబెల్ బహుమతి ఇద్దరికీ పంచారు. ఆ శీతాకాలం తన గుమ్మం ముందు పేరుకున్న మంచుని చూస్తే, అందులోని కేంద్రకాలన్నీ భూమి అయస్కాంతంలో నిశ్శబ్దంగా ఊగుతున్నట్టు తోచేదని పర్సెల్ నోబెల్ సభలో చెప్పుకున్నాడు. ఫిజిక్సు చదివినవాళ్ళకి కవిత్వం రాదనే భ్రమ నాకు ఆ రోజుతో పోయింది.

ఇక రుచి సంగతి. 1950లో స్టాన్‌ఫర్డులో ప్రాక్టర్, యూ అనే ఇద్దరు అమ్మోనియం నైట్రేటులోని నైట్రోజన్‌ని పలికించారు. నైట్రోజన్ ఒక్కటే కదా, ఒక్క స్వరం రావాలి. రెండు వచ్చాయి! ఆ రసాయనంలో నైట్రోజన్ రెండు చోట్ల, రెండు రకాల ఇరుగుపొరుగుల మధ్య ఉంటుంది. పొరుగుని బట్టి దాని గొంతు కొద్దిగా మారుతుంది. కేంద్రకాల కొలతలు కచ్చితంగా తేల్చాలనుకున్న ఫిజిక్సువాళ్ళకి ఇది తలనొప్పిగా కనిపించింది. మనకయితే ఇందులో వింతేముంది? ఒకే ఆడపిల్ల పుట్టింట్లో ఒక గొంతుతో మాట్లాడుతుంది, అత్తవారింట్లో ఇంకో గొంతుతో మాట్లాడుతుంది. ఫోనులో గొంతు వింటే చాలు, పిల్ల ఎక్కడుందో తల్లి చెప్పెయ్యదూ? సరిగ్గా అదే కిటుకు. గొంతు విని ఇల్లు పోల్చుకోవడం.

మరుసటి ఏడాది, 1951లో, అక్కడే ముగ్గురు కలిసి ఆల్కహాలుని పరీక్షించారు. అందులోని హైడ్రోజన్లు మూడు చోట్ల ఉంటాయి. మూడు శిఖరాలు వేరువేరుగా, మూడు, రెండు, ఒకటి నిష్పత్తిలో, లెక్కపెట్టుకోవడానికి వీలుగా వచ్చాయి. ఆ ముగ్గురిలో ఒకాయన మనవాడే. ధర్మట్టి ఆయన పేరు. తరవాత బొంబాయి వచ్చి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఈ విద్యని నాటాడు. అదే 1951లో బెంగుళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో సూర్యన్ గారు, పారే ద్రవాల్లో ఈ పలుకు ఎలా మారుతుందో చూపించారు. రక్తం పారుదలని కొలిచే పద్ధతులు వచ్చినప్పుడు ఆ పనిని తలుచుకున్నవాళ్ళున్నారు. పెళ్ళివారు భోజనాలు చేసి వెళ్ళాక వంటవాళ్ళ పేర్లు ఎవరూ అడగరు. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

మనిషి శరీరానికి ఈ విద్యని మొదట తెచ్చినవాళ్ళలో స్వీడన్ డాక్టరు ఎరిక్ ఒడెబ్లాడ్ ఒకరు. ఆయన స్త్రీల వైద్యుడు. 1955లో లిండ్‌స్ట్రోమ్ అనే సహచరుడితో కలిసి శరీరంలోని పదార్థాలని పరీక్షించి, కణజాలంలో ఉన్న నీళ్ళు మామూలు నీళ్ళలా పలకవని చెప్పాడు. తరవాత ఆయన జీవితమంతా ఆడవాళ్ళ గర్భాశయ ముఖద్వారంలో ఊరే స్రావాల మీద పరిశోధన చేశాడు. మొగవాళ్ళు నలుగురిలో పేరెత్తడానికి మొహమాటపడే విషయం ఇంత పెద్ద విద్యకి తొలిమెట్లలో ఒకటయింది.

1971లో అమెరికాలో డమేడియన్ ఎలకల క్యాన్సరు గడ్డలు మామూలు కండకి భిన్నంగా పలుకుతాయని చూపించాడు. 1973లో లాటర్బర్ ఆ పలుకుల్తో బొమ్మ గియ్యొచ్చని చూపించాడు. ఇంగ్లండులో మాన్స్‌ఫీల్డ్ దాన్ని చురుకు చేశాడు. అదే ఇప్పుడు ఊరూరా ఉన్న ఎమ్మారై. 2003లో నోబెల్ బహుమతి లాటర్బర్‌కీ మాన్స్‌ఫీల్డ్‌కీ ఇచ్చి డమేడియన్‌ని వదిలేస్తే, ఆయన పేపర్లలో పేజీలకి పేజీలు ప్రకటనలు వేయించి పోట్లాడాడు. అది వేరే నవల. ఈ మెషీను పేరులో మొదట న్యూక్లియర్ అనే మాట ఉండేది. ఆ మాట వింటే రోగులు ఆటంబాంబు అనుకుని హడిలిపోతారని 1980ల్లో తీసేశారు. నిజానికి ఇందులో బాంబూ లేదు, ఎక్స్‌రే కిరణాలూ లేవు. ఉన్నదల్లా భూమి అయస్కాంతం కంటే 30 వేల రెట్లు బలమైన అయస్కాంతం. ఇనుప సామాను దగ్గరికి వెళితే లాక్కుంటుంది, అదీ భయపడవలసిన సంగతి.

ఎమ్మారై బొమ్మలు గీస్తుంటే, ఇంకోపక్క ఆక్స్‌ఫర్డులో కొందరు రుచి దారి పట్టుకున్నారు. వాళ్ళలో ముఖ్యుడు జార్జ్ రాడా. పుట్టింది హంగరీలో. 1956లో అక్కడ రష్యా టాంకులు దిగినప్పుడు, ఇరవై ఏళ్ళ కుర్రాడు దేశం వదిలి ఇంగ్లండు చేరాడు. రసాయనశాస్త్రం చదివాడు. ఆయన్ని పట్టుకున్న ప్రశ్న మనందరికీ రోజూ ఎదురయ్యేదే: పని చేస్తే కండరం ఎందుకు అలిసిపోతుంది?

కండరం కదలాలంటే ఖర్చు కావాలి. ఆ ఖర్చుకి చేతిలో ఉండే చిల్లర పేరు ఏ.టి.పి. అది క్షణాల్లో అయిపోతుంది. అప్పుడు మనం పోపులడబ్బాలో దాచిన డబ్బు తీస్తాం చూడండి, అదీ ఫాస్ఫోక్రియేటిన్. అదీ అడుగంటితే బ్యాంకులో వేసిన డిపాజిట్ కరిగించాలి. దాని పేరు గ్లైకోజెన్. గడువుకి ముందే హడావిడిగా డిపాజిట్ కరిగిస్తే కొంత నష్టం తప్పదు కదా, కండరంలో ఆ నష్టం లాక్టిక్ ఆమ్లం. అంటే పులుపు.

ఈ లెక్కలు చూడాలంటే పూర్వం ఒకటే మార్గం. కండ కోసి, గడ్డకట్టించి, నూరి, రసం తీసి పరీక్షించడం. కోసేలోగానే పోపులడబ్బా కొంత ఖాళీ అయిపోయేది. ఎంగిలి చేస్తే గాని రుచి తెలియదు, ఎంగిలయితే రుచే మారిపోతుంది! 1974లో రాడా, రిచర్డ్స్, హౌల్ట్, గాడియన్ మొదలయినవాళ్ళు ఎలక కాలి కండని నూరకుండా, నలపకుండా అలాగే గొట్టంలో పెట్టి, అందులోని ఫాస్ఫరస్‌ని పలికించారు. చిల్లర, పోపులడబ్బా, ఖర్చయిన డబ్బు, అన్నీ వేరువేరు శిఖరాలుగా కాగితం మీద నిలబడ్డాయి. ఇంకో చిత్రం ఏమిటంటే, ఖర్చయిపోయిన ఫాస్ఫేటు శిఖరం పులుపుని బట్టి కాస్త పక్కకి జరుగుతుంది. ఈ సంగతి అంతకు ముందు ఏడాది, 1973లో, మూన్, రిచర్డ్స్ అనేవాళ్ళు ఎర్ర రక్తకణాల్లో కనిపెట్టారు. శిఖరం ఎక్కడ నిలబడిందో చూస్తే లోపల పులుపెంతో తెలిసిపోతుంది. మా అమ్మమ్మ ముక్కు గుర్తొచ్చిందంటే రాదూ మరి!

ఎలక అయింది. మనిషికి ఎందుకు పనికొచ్చింది? 1951లో లండన్ డాక్టరు బ్రయన్ మెకార్డిల్ ఒక రోగిని వర్ణించాడు. ముప్ఫై ఏళ్ళవాడు, కాస్త శ్రమపడితే చాలు కండరాలు పట్టేసి నెప్పులు. చిన్నప్పటినుంచీ అంతే. అలాంటివాళ్ళకి డిపాజిట్ ఉంటుంది, బ్యాంకు తాళంచెవి ఉండదు. గ్లైకోజెన్‌ని కరిగించే ఎంజైము పుట్టుకతోనే లేదన్నమాట. ఆ లోపం ఏదో 1959లో తేలింది. అది నిర్ధారించాలంటే కండ ముక్క కోసి చూడాలి. 1981లో ఆక్స్‌ఫర్డువాళ్ళు ఈ జబ్బుందని అనుమానమున్న ఒక రోగి చెయ్యిని, చెయ్యో కాలో పట్టేంత అయస్కాంతంలో పెట్టించి కండరానికి పని చెప్పారు. పోపులడబ్బా గబగబా ఖాళీ అయింది. పులుపు మాత్రం పెరగలేదు. ఆరోగ్యవంతుడి చేతిలో శిఖరం పక్కకి జరగాలి, ఇక్కడ కదలకుండా నిలబడింది. కత్తి పెట్టకుండా, రక్తం చుక్క తియ్యకుండా, జబ్బు తనంతట తను సాక్ష్యం చెప్పింది.

ఇది చదువుతుంటే నాకు నోరు చేదయింది. ఇలాంటి జబ్బున్నవాళ్ళు చాలామంది బడిలో బద్ధకస్తులన్న మాట పడ్డవాళ్ళే. మన ఇళ్ళల్లో "దానికి ఒళ్ళు వంగదమ్మా" అనిపించుకున్న కోడళ్ళు ఎందరున్నారో! అందరికీ మెకార్డిల్ జబ్బుందని కాదు. నెప్పి అంటే నమ్మడానికి ఒక గీత కావలసి వస్తుంది మనకి, అదీ బాధ.

అన్నిటికంటే నన్ను పట్టి కుదిపిన కథ లండన్ యూనివర్సిటీ కాలేజీ ఆస్పత్రిది. కాన్పులో బిడ్డకి గాలి అందక, పుట్టగానే ఏడవకపోతే ఆ ఇంట్లో పరిస్థితి మనకి కొత్త కాదు. బిడ్డ మెదడులో ఏం జరుగుతోందో చూడ్డానికి ముక్క తీసే ప్రసక్తే లేదు. ఆస్మండ్ రెనాల్డ్స్ అనే పసిపిల్లల డాక్టరూ, ఆయన బృందమూ 1983లో నవజాత శిశువుల మెదడులోని ఫాస్ఫరస్‌ని ఈ పద్ధతిలో కొలిచారు. మరుసటి ఏడాది, గాలి అందక పుట్టిన పిల్లల్లో ఎవరూ ఊహించని సంగతి బయటపడింది. మొదటిరోజు పిల్లల మెదడు ఖర్చులు చాలావరకు బాగానే ఉన్నాయి! ఆ తరవాతి రోజుల్లో, ఊపిరి అందుతూ ఉండగానే, మెల్లమెల్లగా పోపులడబ్బా ఖాళీ అవడం మొదలయింది. ఎంతగా ఖాళీ అయితే బిడ్డకి అంత ముప్పు.

ఇది చెడు వార్తలా వినిపిస్తుంది గాని, అసలు ఆశ ఇందులోనే ఉంది. దెబ్బ తగిలిన క్షణంలోనే అంతా అయిపోలేదు, మధ్యలో కొన్ని గంటల గడువుంది! ఆ గడువులో ఏదయినా చెయ్యొచ్చునేమో! 1995లో మరియాన్ తోరెసెన్ అనే నార్వే డాక్టరమ్మ, తన సహచరులతో కలిసి, పంది పిల్లల్ని కాస్త చల్లబరిస్తే ఆ రెండో పతనం తగ్గుతుందని ఇదే పద్ధతితో కొలిచి చూపించింది. 2009లో 325 మంది శిశువుల మీద చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. పుట్టిన ఆరు గంటల లోపు మొదలుపెట్టి, 72 గంటలపాటు ఒళ్ళు 33, 34 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర ఉంచితే, నాడీ లోపాలు లేకుండా బతికి బయటపడే పిల్లలు ఎక్కువయ్యారు. పశ్చిమ దేశాల్లో ఇది మామూలు వైద్యమయింది.

ఇక్కడితో ఆపితే కథ కమ్మగా ఉంటుంది. కాని చరిత్ర చదివినదాన్ని, సగం చెప్పి ఊరుకోకూడదు. మన దేశంలోనూ, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోనూ 408 మంది పిల్లల మీద ఇదే వైద్యం పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు. చల్లబరచడం వల్ల మన పిల్లలకి మేలు కనిపించలేదు. పైగా చల్లబరచిన పిల్లల్లో మరణాలు ఎక్కువయ్యాయి. ఆ పరీక్షలో కూడా పిల్లల మెదడుని ఈ స్పెక్ట్రాస్కోపీతోనే కొలిచారు. అక్కడి తల్లికి పనికొచ్చిన మందు ఇక్కడి తల్లికి పనికిరావాలని లేదు. ఆ మాట తెలుసుకోవడం కూడా విద్యే. తెలియకపోతే అనుకరించి పిల్లల్ని పోగొట్టుకుంటాం.

మా అక్క దగ్గరికి వస్తాను. ఆవిడ మెదడులో పలికించినది ఫాస్ఫరస్ కాదు, హైడ్రోజన్. ఇందులో పెద్ద చిక్కుంది. ఒంట్లో ఉన్నదంతా నీళ్ళే కదా, నీటి హైడ్రోజన్ మిగతావాటికంటే వేల రెట్లు గట్టిగా అరుస్తుంది. పెళ్ళిపందిట్లో బాజాలు మోగుతుంటే మూలగదిలో గుసగుసలు వినాలన్నట్టు ఉంటుంది. నీళ్ళ నోరు మూయించే ఉపాయాలు కనిపెట్టాక, 1980ల మధ్యనుంచి మనిషి మెదడులో ఈ గుసగుసలు వినడం సాధ్యమయింది. ఆరోగ్యంగా ఉన్న నరాల కణాలున్న చోట ఎన్.ఏ.ఏ. అనే శిఖరం ఎత్తుగా నిలబడుతుంది. కణాలు మితిమీరి పుట్టుకొస్తున్న చోట, అంటే గోడలు కట్టే పని జోరుగా సాగుతున్న చోట, కొలీను పెరుగుతుంది. క్యాన్సరు గడ్డలో ఎన్.ఏ.ఏ. కూలిపోయి కొలీను లేస్తుంది. క్షయ క్రిమి ఒంటి మీద మైనంలాంటి కొవ్వు దట్టంగా ఉంటుంది, అందుకని క్షయ గడ్డలో కొవ్వు శిఖరం లేస్తుంది. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఈ తేడా కనుక్కోవడం ఎంత అవసరమో వేరే చెప్పాలా? లక్నో వంటి చోట్ల మన డాక్టర్లు దీని మీద ఏళ్ళ తరబడి పనిచేశారు.

నాలుగో రోజున డాక్టరుగారు పిలిచారు. బల్ల మీద ఒక కాగితం, దాని మీద కొండల్లా ఒక గీత. నాకప్పటికి కాస్త అక్షరాలు వచ్చాయి. పెద్ద కొండ కొవ్వుది. కొలీను పొట్టిగానే ఉంది.

"క్షయే కదండీ?" అన్నాను, పరీక్షలో జవాబు తెలిసిన పిల్లలా.

ఆయన నవ్వలేదు. "మొగ్గు అటే ఉందమ్మా. ఛాతీ ఎక్స్‌రేలో పాత మచ్చ కూడా ఉంది. కాని ఇది సాక్ష్యం, తీర్పు కాదు. కుళ్ళిన క్యాన్సరు గడ్డలో కూడా కొవ్వు కనిపించొచ్చు. మందులు మొదలుపెడదాం. రెండు నెలల్లో మళ్ళీ చూద్దాం. తగ్గకపోతే అప్పుడు ముక్క తీయక తప్పదు."

ఆ రెండు నెలలూ ఎలా గడిచాయో చెప్పను. ఇంట్లో అందరం గట్టిగా మాట్లాడుకున్నాం, గట్టిగా నవ్వుకున్నాం. రెండో స్కానింగుకి మాత్రం పసుపుకొమ్ము ఇంటినుంచే తీసుకెళ్ళాను, ఒకటి కాదు, అరడజను. బెంచీ మీద ఎవరికి అవసరమవుతుందో ఎవరికి తెలుసు? ఆ ముసలమ్మ మళ్ళీ కనిపించలేదు. ఆవిడ కోడలికి ఏమయిందో అడగలేకపోయానే అన్నది నాకు ఇప్పటికీ ముల్లే.

గడ్డ సగానికి తగ్గింది. డాక్టరుగారు అప్పుడు నవ్వారు. మందులు ఇంకా ఏడాది పైచిలుకు మింగాలన్నారు. మింగుతోంది.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ఈ విద్యకి ఓంకారం చుట్టిన రాబీ, 1988లో చనిపోయేముందు, జబ్బుపడి తనే ఎమ్మారై గొట్టంలో పడుకోవలసి వచ్చింది. లోపలి గోడ మీద తన ముఖం వంకరటింకరగా కనిపించిందిట. తన పని ఇక్కడిదాకా వస్తుందని ఎన్నడూ అనుకోలేదన్నాడుట ఆ ముసలాయన. మంచి ప్రశ్న ఎక్కడికి నడిచివెళుతుందో అడిగినవాడికి కూడా తెలియదు. వాళ్ళమ్మ ఉంటే ఏమనేదో!

మొన్న దసరాకి అక్క ఇంట్లోనే అందరం కలిశాం. నైవేద్యానికి పులిహోర తనే కలిపింది. అమ్మమ్మలాగే పళ్ళెం మీదికి వంగి, కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, "ఉప్పు చాల్లేదే" అని ఇంకో చెంచా వేసింది. తీరా తింటే ఉప్పుకషాయం. మా బావగారు రెండోసారి వడ్డించమని అడిగి మరీ తిన్నారు.